నోట్స్ చూడకుండా వాయించడం: క్లారా షూమాన్ నాటి నుంచి నడుస్తున్న చర్చ

పియానో కళాకారులు సోలో కచేరీలో స్వరాల పుస్తకం (నోట్స్) ముందు పెట్టుకోవచ్చా, కూడదా? పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఈ మాట ఇంకా తేలలేదు. చాలా పోటీల్లో చూడకుండా వాయించడమే నియమం. సోవియట్ పియానిస్టు స్వియతొస్లావ్ రిక్టర్ అంతటివాడు మాత్రం చివరి సంవత్సరాల్లో పుస్తకం ఎదురుగా పెట్టుకుని, చిన్న దీపం వెలుగులో వాయించాడు. ఈ చర్చ మూలాలు 1837 నాటి బెర్లిన్ దాకా వెళ్తాయి.

అప్పటికి, తర్వాత క్లారా షూమాన్‌గా పేరుపొందిన జర్మన్ పియానిస్టు క్లారా వీక్‌కు 17 ఏళ్లు. బీథోవెన్ పియానో రచన 'అప్పాసియొనాటా'ను నోట్స్ లేకుండా వాయించింది. ఇంకొకరి రచనను అలా వాయించడాన్ని ఆ రోజుల్లో చాలామంది మర్యాదగా భావించేవారు కాదు. పుస్తకం లేకుండా పియానో ముందు కూర్చోవడం ఎంత పొగరని రచయిత్రి బెటీనా ఫాన్ ఆర్నిమ్ మండిపడింది.

నిజానికి అది పొగరు కాదు, పెంపకం. లైప్‌జిగ్‌లో పియానో గురువైన తండ్రి ఫ్రీడ్రిక్ వీక్ ఆమెకు నోట్స్ చదవడం కంటే ముందు చెవితో పట్టుకుని వాయించడం నేర్పాడు. పాట కూడా నేర్పించాడు, పియానో గొంతులా పలకాలని. వేళ్లు మీటల మీద నుంచి పైకి లేపి కొట్టకూడదు, దగ్గరగా ఉంచి నొక్కాలి. ఆమె నాదంలోని నిండుదనం అక్కడి నుంచే వచ్చింది. 1828లో లైప్‌జిగ్ కచేరీ మందిరం గెవాంట్‌హౌస్ వేదిక ఎక్కేనాటికి ఆమె వయసు తొమ్మిదేళ్లు.

తండ్రి ఒప్పుకోకపోవడంతో కోర్టుకు వెళ్లి మరీ 1840లో స్వరకర్త రాబర్ట్ షూమాన్‌ను పెళ్లి చేసుకుంది. ఎనిమిది మంది పిల్లలు. 1854లో రాబర్ట్ రైన్ నదిలో దూకాడు. కాపాడి మానసిక చికిత్సాలయంలో చేర్చారు, రెండేళ్లకు అక్కడే చనిపోయాడు. ఇల్లు గడవాలంటే ఆమె ఊరూరా తిరిగి వాయించక తప్పలేదు. క్లారా పేరెత్తగానే అందరూ ఈ దుఃఖాన్నే చెబుతారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. 1828 నుంచి 1891 దాకా, 63 ఏళ్లు వేదిక మీద నిలిచిన కళాకారిణి ఆమె. దాదాపు 1,300 కచేరీల కార్యక్రమ పత్రాలు భద్రంగా ఉన్నాయి. చిన్నప్పుడు వేళ్ల వేగం చూపించే హెర్ట్స్ రచనలు వాయించిన అమ్మాయి, పెద్దయ్యాక బాహ్‌, బీథోవెన్, షోపాన్, రాబర్ట్, బ్రామ్స్ రచనలకే తన కచేరీలు అంకితం చేసింది. ఇవాళ మనం చూసే పియానో కచేరీ రూపం చాలావరకు ఆమె చేతుల మీదుగా వచ్చిందే.

నోట్స్ చూడకపోవడాన్ని మామూలు విషయం చేసిన ఘనత ఆమెకూ, ఆ కాలపు మరో పియానిస్టు ఫ్రాంజ్ లిస్ట్‌కూ దక్కుతుంది. అయితే వయసు పెరిగే కొద్దీ ఆమెకు కూడా వేదిక మీద టెన్షన్ మొదలైంది. ఒక రచన నుంచి ఇంకో రచనకు వెళ్లేటప్పుడు మరిచిపోతానేమోనన్న భయం. అయినా పుస్తకం పెట్టుకోవడానికి మనసొప్పడం లేదని, రెక్కలు కత్తిరించినట్టు ఉంటుందని బ్రామ్స్‌కు ఉత్తరం రాసింది. నోట్స్ లేకుండా వాయించడాన్ని ఆమె జ్ఞాపకశక్తిని పరీక్షించే నియమంగా ఎప్పుడూ చూడలేదు. ఆమెకు అది స్వేచ్ఛ. పోటీలు పెట్టేవాళ్లు ఆ ఉత్తరం ఒక్కసారి చదవాలని నా కోరిక.

1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోఖ్ కన్సర్వేటరీ అనే సంగీత పాఠశాలలో పాఠాలు చెప్పింది. స్వరకర్త రాసింది రాసినట్టు వాయించాలని శిష్యులకు గట్టిగా చెప్పేది. 1896లో కన్నుమూసింది. ఆమె వాయించినవి రికార్డుల్లో మిగల్లేదు గానీ శిష్యురాళ్లవి మిగిలాయి. వాళ్లలో ఒకరైన ఫానీ డేవిస్ 1928లో రాబర్ట్ షూమాన్ పియానో కన్చెర్టోను (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) రికార్డు చేసింది. రాసినట్టు వాయించడమంటే గడియారం టిక్కుటిక్కుమన్నట్టు ఉంటుందనుకునేవాళ్లు దాన్ని వినాలి. పాడేవాళ్లు ఊపిరి తీసుకున్నట్టు, లయ అక్కడక్కడా కాస్త సాగి మళ్లీ దారిలోకి వస్తుంది.