గాయం ఉన్న సీల్, గాయం లేని తాబేలు

చేపల్ని తిని బతికే సముద్రపు క్షీరదాలు సీల్స్. మన బంగాళాఖాతంలో అవి లేవు. అయినా వాటి చావుల మీద స్కాట్లాండ్‌లో జరిగిన దర్యాప్తు విశాఖ తీరంలో ఉండేవాళ్లకు చాలా పనికొస్తుంది. ఏటా శీతాకాలంలో మన ఒడ్డుకూ తాబేళ్ల కళేబరాలు కొట్టుకొస్తాయి మరి.

2008 తర్వాత కొన్నేళ్లపాటు ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ తీరంలో, స్కాట్లాండ్‌లో, ఉత్తర ఐర్లాండ్‌లో సీల్స్ ఒకే తరహా గాయంతో చచ్చి పడి కనిపించాయి. తల దగ్గర మొదలైన ఒకే ఒక్క కోత, బత్తాయి తొక్క తెగకుండా వలిచినట్టు, ఒంటి చుట్టూ మెలిక తిరుగుతూ కిందికి దిగేది. చర్మం, దాని కింది కొవ్వు కండ నుంచి ఊడి వేలాడేవి. కోత అంచులు మాత్రం నున్నగా ఉండేవి. ఏ జంతువు పళ్లకూ అంత నునుపు రాదనిపించింది.

అనుమానం ఓడల మీదకు పోయింది. గొట్టంలాంటి తొడుగు లోపల తిరిగే ప్రొపెల్లర్లు కొన్ని ఉంటాయి. సముద్రంలో గాలిమరలు కట్టే ఓడలు కదలకుండా ఒకేచోట నిలబడటానికి ఇలాంటివి వాడతాయి. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చిన్న నమూనా ప్రొపెల్లర్లలోకి సీల్ బొమ్మలను పంపి చూస్తే అచ్చం అదే మెలిక కోత పడింది. సీల్స్ ఉండే చోట్ల ఇలాంటి ఓడలతో జాగ్రత్తగా ఉండాలని ప్రభుత్వ సంస్థలు సూచనలు కూడా ఇచ్చాయి. అటు కెనడాలోని సేబుల్ ద్వీపంలో ఇలాంటి గాయాలకే గ్రీన్‌లాండ్ సొరచేపను అనుమానించారు.

2014 డిసెంబరులో స్కాట్లాండ్‌ దగ్గరి మే ద్వీపంలో అసలు సంగతి కళ్లారా కనబడింది. పెద్ద మగ గ్రే సీల్ ఒకటి, అప్పుడే తల్లిపాలు మానిన తన జాతి పిల్లలనే పట్టి చంపి తింటోంది. వారంలో అయిదింటిని చంపింది. దగ్గర్లోనే అలాంటి గాయాలున్న కళేబరాలు మరో తొమ్మిది దొరికాయి. అది పిల్లను ముందు కాళ్లతో అదిమి, మెడ దగ్గర కరిచి పట్టుకుని, తల విదిల్చి లాగేది. చర్మం ఒకసారి చిరగడం మొదలైతే ఆ చిరుగు నున్నటి గీతలా ఒళ్లంతా చుట్టుకుపోయేది. ఆండ్రూ బ్రౌన్‌లో అనే పశువైద్య నిపుణుడి బృందం ఈ వివరాలను 2016లో ప్రచురించింది. పాత కేసుల్లోనూ చాలావాటికి ఇదే కారణం కావచ్చని తేల్చింది. నెదర్లాండ్స్‌లో చనిపోయిన, డాల్ఫిన్ లాంటి పోర్పస్‌ల గాట్లలోనూ గ్రే సీల్ డీఎన్‌ఏ దొరికింది.

ప్రొపెల్లర్ ప్రయోగం అబద్ధమేమీ కాదు. అలాంటి గాయం ప్రొపెల్లర్ వల్ల కూడా రావచ్చని అది చూపించింది. సముద్రంలో అలాగే వచ్చిందని మాత్రం చూపించలేదు.

ఇక ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా కనిపించే మన ఆలివ్ రిడ్లీ తాబేళ్లది సరిగ్గా ఇందుకు తిరగబడిన కథ. అక్కడ యంత్రం చేసిందనుకున్నది జంతువు చేసింది. ఇక్కడ చాలా తాబేళ్ల ఒంటి మీద దెబ్బే ఉండదు. రోగమొచ్చి పోయిందేమో అనుకుని జనం పక్కకు తప్పుకుంటారు. కానీ తాబేలు పీల్చేది గాలి. పడవ లాగే ట్రాల్ వల గంటల తరబడి నీటి అడుగున సాగుతుంది. అందులో చిక్కి గింజుకునే తాబేలుకు ఒంట్లోని ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది, మునిగి చనిపోతుంది. నీళ్లలో ఊపిరాడక పోయిన ప్రాణికి పైకి ఏ గుర్తూ ఉండకపోవచ్చు. ఆ తర్వాత ఎండకు ఉబ్బి, చిప్ప మీది పొరలు ఊడుతుంటే, కుక్కలు మెడ పీకేస్తాయి. ఆ కుక్క కాట్లనే చావుకు కారణమనుకునే ప్రమాదం ఉంది.

దీనికి విరుగుడు ఉంది. వలకు బిగించే ఒక చట్రం ఉంటుంది. దాని కడ్డీల మధ్య నుంచి రొయ్యలు, చేపలు లోపలికి పోతాయి, తాబేలు పైనున్న కంతలోంచి బయటపడుతుంది. మన పడవలకు తగ్గట్టు దీన్ని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది. ఆ సంస్థకు విశాఖలోనూ కేంద్రం ఉంది. ఈ చట్రాలు వాడటం లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలను కొనడం ఆపేసింది. చట్రం పెడితే వేట కొంత జారిపోతుందన్న మత్స్యకారుల బాధ నిజమైనదే, ఆ నష్టం ప్రభుత్వం భరించాలని నేనంటాను. ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధం ఒక్కటే ఈ తాబేళ్లను కాపాడలేదు. గుడ్లు పెట్టే కాలం అప్పటికే చాలావరకు గడిచిపోతుంది.

ఈలోగా బీచ్‌లో కళేబరం కనబడితే గొయ్యి తీసే ముందు ఫోటో తీయాలి, చిప్ప కొలవాలి, అటవీశాఖకు చెప్పాలి. కుళ్లకముందే పశువైద్యులు ఊపిరితిత్తులు కోసి చూస్తే చాలా తెలుస్తుంది. విశాఖ ఎండకు అందుకు దొరికే సమయం ఒకటి రెండు రోజులే.