ఎస్ఎన్ఎమ్‌పీ వెర్షన్ 1, 2సీ, 3: కొన్ని అపోహలు, వాస్తవాలు

అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేసి వచ్చిన కుర్రాళ్లను ఇంటర్వ్యూలో ఎస్ఎన్ఎమ్‌పీ (నెట్‌వర్క్ పరికరాల పరిస్థితిని దూరం నుంచి అడిగి తెలుసుకునే ప్రోటోకాల్) గురించి అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "1, 2సీ సెక్యూర్ కాదు సార్, 3 సెక్యూర్." తప్పేం కాదు. కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని గచ్చిబౌలిలో ఏ సర్వర్ రూమ్‌లో అడుగుపెట్టినా మొదటి వారంలోనే తడబడతారు. స్విచ్‌లు, రూటర్లు, యూపీఎస్‌లు చూసుకోవడమే నా పని కాబట్టి, పదే పదే నాకు ఎదురయ్యే అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వెర్షన్ 3 ఆన్ చేస్తే భద్రత వచ్చేసినట్టే.

వాస్తవం: వెర్షన్ 3లో మూడు స్థాయిలున్నాయి. నోఆథ్‌నోప్రివ్‌లో యూజర్ పేరు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షనూ లేదు. ఆథ్‌నోప్రివ్‌లో అడిగింది ఎవరో తేలుతుంది కానీ సమాచారాన్ని దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఆథ్‌ప్రివ్‌లో మాత్రమే రెండూ ఉంటాయి. ఇక నేను ఎక్కువగా చూసే తప్పు వేరే. వెర్షన్ 3 యూజర్‌ను చక్కగా పెడతారు, పాత వెర్షన్ల 'పబ్లిక్' కమ్యూనిటీ (వాటిలో పాస్‌వర్డ్‌లా పనిచేసే పదం) లైనును మాత్రం అలాగే వదిలేస్తారు. వీధి తలుపుకు కొత్త తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి ఉంచినట్టు. ఆడిట్‌కు వెళ్తే నేను మొదట వెతికేది ఆ లైనునే.

అపోహ: 1 కన్నా 2సీ కొంచెం భద్రం.

వాస్తవం: కాదు. ఆ 'సీ' అంటే కమ్యూనిటీ. రెండిట్లోనూ కమ్యూనిటీ స్ట్రింగ్ వైరు మీద మామూలు అక్షరాల్లోనే పోతుంది. 2సీ గొప్పతనం మరోచోట ఉంది: గెట్‌బల్క్ (ఒకే ప్రశ్నకు చాలా విలువలు తెచ్చేది), 64 బిట్ కౌంటర్లు. వెర్షన్ 1లో బైట్లు లెక్కపెట్టే కౌంటర్ 32 బిట్లే. 1 గిగాబిట్ లింకు పూర్తి వేగంతో నడిస్తే 34 సెకన్లకు అది నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 10 గిగాబిట్ అయితే మూడున్నర సెకన్లు కూడా పట్టదు. మీ మానిటరింగ్ టూల్ ఐదు నిమిషాలకోసారి పోలింగ్ చేస్తుంటే, అంటే పరికరాన్ని అడిగి అంకెలు తెచ్చుకుంటుంటే, మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో దానికెలా తెలుస్తుంది? లింకు ఊపిరాడక కొట్టుకుంటుంటే గ్రాఫు ప్రశాంతంగా కనిపిస్తుంది. 2సీకి మారాక కూడా టూల్ పాత కౌంటర్‌నే అడుగుతోందేమో చూసుకోండి. అడగాల్సింది పేరులో 'హెచ్‌సీ' ఉన్నదాన్ని.

అపోహ: 'నాట్ ఇన్ టైమ్ విండో' ఎర్రర్ వస్తే ఎన్‌టీపీ (గడియారాలను కలిపే ప్రోటోకాల్) సరిచేయాలి.

వాస్తవం: దీని మీద మాకు ఒక రాత్రంతా పోయింది. ఒకే ఇమేజ్ నుంచి క్లోన్ చేసిన ఐదు లైనక్స్ వర్చువల్ మెషీన్లు. మానిటరింగ్ తెర మీద ఒకటి పచ్చగా ఉంటే మిగతా నాలుగు ఎర్రగా, కాసేపటికి ఇంకోటి పచ్చగా. మా కుర్రాడు ఐదింటి గడియారాలూ సెకను తేడా లేకుండా కలిపాడు, ఎర్రర్ కదల్లేదు. ఎందుకంటే వెర్షన్ 3 చూసే టైమ్ గోడ గడియారం టైమ్ కాదు. ఏజెంట్ (పరికరంలో ఉండి జవాబులిచ్చే ప్రోగ్రామ్) ఇప్పటికి ఎన్నిసార్లు మొదలైంది, చివరిసారి మొదలై ఎన్ని సెకన్లైంది అనే రెండు అంకెలు. ఈ లెక్కలో 150 సెకన్లు దాటి తేడా వస్తే ప్యాకెట్‌ను తోసేస్తుంది. ఈ లెక్కను టూల్ ఒక్కో ఇంజిన్ ఐడీకి (ఏజెంట్ గుర్తింపు నంబర్‌కు) ఒకటి చొప్పున గుర్తుపెట్టుకుంటుంది. క్లోన్ చేయడంతో మా ఐదింటికీ ఇంజిన్ ఐడీ ఒకటే అయిపోయింది. ఒక ఆధార్ నంబర్‌తో ఐదుగురు వచ్చి నిలబడితే కౌంటర్‌లో ఉన్నవాడు ఏం చేస్తాడు, పాపం. ఏజెంట్ ఆపి, అది దాచుకున్న ఫైల్లోంచి పాత ఐడీ తీసేసి, యూజర్‌ను మళ్లీ సృష్టించాక గానీ చాయ్ తాగడానికి బయటికి రాలేదు.

యూజర్‌ను మళ్లీ ఎందుకు సృష్టించాలంటే, పాస్‌వర్డ్ నుంచి తయారయ్యే కీలో ఇంజిన్ ఐడీ కూడా కలిసి ఉంటుంది. ఐడీ మారితే పాత కీ చెల్లదు. పాడైన స్విచ్ తీసి కొత్తది పెట్టినప్పుడు మానిటరింగ్ ఆగిపోవడానికీ చాలాసార్లు ఇదే కారణం. పైగా సిస్కో పరికరాల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లో వెర్షన్ 3 యూజర్ లైను రన్నింగ్ కాన్ఫిగ్‌లో (నడుస్తున్న సెట్టింగుల జాబితాలో) కనిపించదు, కాబట్టి బ్యాకప్‌లోనూ ఉండదు. విడిగా రాసి పెట్టుకోండి. పోలింగ్ బాగానే ఉండి ట్రాప్‌లు (పరికరం తనంతట తాను పంపే హెచ్చరికలు), ఇన్‌ఫార్మ్‌లు (అందినట్టు జవాబు కోరే హెచ్చరికలు) రాకపోతే కూడా ఇక్కడే వెతకండి: ట్రాప్‌కు పంపే పరికరం ఇంజిన్ ఐడీ లెక్క, ఇన్‌ఫార్మ్‌కు అందుకునే సర్వర్‌ది లెక్క.

అపోహ: ఎన్‌క్రిప్షన్‌కు ఏఈఎస్ 256 ఉంటే అదే పెట్టాలి, అంకె పెద్దది కదా.

వాస్తవం: 2002లో వెర్షన్ 3 పూర్తి స్టాండర్డ్ అయినప్పుడు అందులో ఉన్నది డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి. 2004లో ఏఈఎస్ వచ్చింది, అదీ 128 బిట్లకే. 192, 256 బిట్లకు కీని ఎలా సాగదీయాలో కంపెనీలు తలోదారి పట్టాయి. అందుకే పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా పరికరానికీ టూల్‌కీ పొత్తు కుదరదు. రెండూ ఒకే పద్ధతి వాడుతున్నాయని తేలితే 256 పెట్టండి. లేదంటే ఏఈఎస్ 128తో ఆథ్‌ప్రివ్ హాయి.

వెర్షన్ 3 సీపీయూను తినేస్తుందన్న భయం ఇప్పటి స్విచ్‌ల విషయంలో అక్కర్లేదు. బాగా పాతవాటిలో మాత్రం పోలింగ్ కాస్త నెమ్మదిగా చేయండి.

అపోహ: నెట్‌వర్క్ అంతటికీ ఒకటే వెర్షన్ ఉండాలి.

వాస్తవం: ఉంటే మంచిదే, కానీ జీడిమెట్లలో మేం చూసే ఒక ఫ్యాక్టరీ యూపీఎస్ కార్డుకు వెర్షన్ 1 తప్ప రాదు. యూపీఎస్ నిక్షేపంలా ఉంది, కార్డు కోసం దాన్ని మార్చమని ఓనర్‌కు చెప్పే ధైర్యం నాకు లేదు. దాన్ని విడి మేనేజ్‌మెంట్ వీలాన్‌లో (నెట్‌వర్క్‌లోనే వేరు చేసిన భాగంలో) పెట్టాం. సెట్టింగులు మార్చనిచ్చే రైట్ కమ్యూనిటీ తీసేశాం, రీడ్ కమ్యూనిటీకి 'పబ్లిక్' కాకుండా వేరే పేరు ఇచ్చాం, మానిటరింగ్ సర్వర్ ఐపీ తప్ప ఎవరు 161 పోర్టు (ఎస్ఎన్ఎమ్‌పీ పోర్టు) తట్టినా పలకకుండా ఏసీఎల్ (ఎవరిని రానివ్వాలో చెప్పే నియమాల జాబితా) రాశాం. అక్కడి స్విచ్‌లన్నీ వెర్షన్ 3లో ఉన్నాయి. యూపీఎస్ ఒక్కటే వెర్షన్ 1లో కూర్చుని, కరెంటు పోయినప్పుడల్లా బ్యాటరీలో ఇంకా ఎన్ని నిమిషాలుందో చెబుతోంది.