పలక అంచు చెప్పే నిజం: ఇంజనీర్డ్ వుడ్ ఫ్లోరింగ్‌పై అపోహలు, వాస్తవాలు

చెక్క ఫ్లోరింగ్ వేయడం నా పని. శాంపిల్ పలక చేతికిస్తే చాలామంది పైనున్న రంగూ గీతలే చూస్తారు. నేను దాన్ని తిప్పి అంచు చూపిస్తాను. అసలు సంగతంతా అక్కడుంటుంది.

అపోహ: ఇది అసలు చెక్కే కాదు.

ఆ మాట లామినేట్‌కి చెల్లుతుంది. అందులో పైన కనిపించేది చెక్క ఫొటో అచ్చువేసిన కాగితం. ఇంజనీర్డ్ పలకలో పైపొర నిజమైన ఓకో, టేకో. కింద ప్లైవుడ్డో, పైన్ లాంటి మెత్తని కలపో ఉంటుంది.

అపోహ: నిండు చెక్క వేయిస్తేనే ప్రకృతికి దగ్గర.

20 మి.మీ. నిండు టేకు పలక అంచు చూడండి. ఒకదాంట్లో ఒకటి కూర్చోవడానికి ఒకవైపు నాలుక, రెండోవైపు గాడి ఉంటాయి. ఎన్నిసార్లు సాండింగ్ చేసినా అరగదీయగలిగేది ఆ నాలుకకు పైనున్న మందమే, సుమారు 6 మి.మీ. అది దాటితే గాడి పెదవి పల్చబడి చిట్లుతుంది. మిగతాదంతా దశాబ్దాలు పెరిగిన చేవ కలప. జీవితంలో వెలుగు చూడకుండా అడుగున బరువు మోస్తుంటుంది. ఆ మోత పని తొందరగా పెరిగే పైన్, యూకలిప్టస్ కూడా చేయగలవు. టేకును 4 మి.మీ. పొరలుగా కోస్తే అదే దుంగతో ఎన్నో గదులు పరవొచ్చు. అమ్మేవాళ్లు ‘ఐదు రెట్లు’ అనేస్తారు. ప్రతి కోతకూ రంపం కొంత కలపను పొట్టు చేస్తుందని మాత్రం చెప్పరు.

అపోహ: ఇంజనీర్డ్ అయితే చాలు, పర్యావరణానికి మేలే.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. 0.6 మి.మీ. పైపొరతోనూ పలకలు అమ్ముతారు. ఒక్క సాండింగ్‌కే దాదాపు అంత పోతుంది. ఒక ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ కుర్చీ కాళ్లు రాసుకుని రాసుకుని ప్లైవుడ్ బయటపడింది. గది మిగతాదంతా కొత్తగానే ఉంది, అయినా మొత్తం పీకేయాల్సి వచ్చింది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. నేల నిలిచినంతకాలం అది అందులోనే ఉంటుంది, పలకను తగలబెడితే గాల్లోకి పోతుంది. ఇక మిగిల్చిందేముంది? ఐరోపా ప్రమాణాల్లో ‘బహుళ పొరల పార్కే’ (పొరలుగా అతికించిన చెక్క ఫ్లోరింగ్) అనిపించుకోవాలంటే పైపొర కనీసం 2.5 మి.మీ. ఉండాలి. నన్నడిగితే 3కి తగ్గొద్దంటాను.

అపోహ: జిగురంతా విషమే.

దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. పొరల్ని అతికించే కొన్ని జిగుర్ల నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వెలువడుతుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. అయితే జిగుర్లన్నీ ఒకటి కావు, పరిమితులూ ఉన్నాయి. కాలిఫోర్నియా నిబంధనల్లో గట్టి కలప ప్లైవుడ్‌కి హద్దు 0.05 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 0.05 భాగం). పెట్టె మీద కార్బ్ ఫేజ్ 2 (ఆ కాలిఫోర్నియా నిబంధనల పేరే) అనో, ఈ1 (ఐరోపా తరగతి) అనో ఉందో లేదో చూడండి. ఈ1 పరిమితి కాస్త సడలింపుగా ఉంటుంది.

అపోహ: ఎఫ్‌ఎస్‌సీ (అడవుల బాధ్యతాయుత నిర్వహణను ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ) ముద్ర ఉంటే కలపంతా ధ్రువీకరించిన అడవిదే.

ముద్ర కింద చిన్న అక్షరాలు చదవాలి. ‘100%’ అంటే అవును. ‘మిక్స్’ అంటే వేరే చోటి కలప కూడా కలిసి ఉండొచ్చు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ అడగరు. కాంక్రీటుకి జిగురుతో అతికించిన పలక ఊడదీస్తే ముక్కలై, అడుగున సిమెంటు పెచ్చులతో వస్తుంది. అంచులు ఒకదాంట్లో ఒకటి బిగుసుకునే క్లిక్ పలకల్ని అతికించకుండా పరిస్తే, స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) తీసి ఒక్కొక్కటే లేపి మరో గదికి మోసుకెళ్లొచ్చు.