పులుసులో గరిటె ఎందుకు పెట్టకూడదో రాయండి

కావలి

చిరంజీవులైన పిలకాయలకు,

బ్లాగు పెట్టాలంటే ఏం చేయాలని అడిగారు కదా. వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

1997 డిసెంబరులో జోర్న్ బార్గర్ అనే అమెరికా ఆయన నెట్‌లో తనకు నచ్చినవాటి లింకులు ఒక పేజీలో రాసుకుంటూ, దాన్ని ‘వెబ్‌లాగ్’ అన్నాడు. 1999లో పీటర్ మెర్హోల్జ్ అనే ఇంకో ఆయన ఆ మాటను ‘వి బ్లాగ్’ అని విరిచాడు. అందులోంచి ‘బ్లాగ్’ నిలబడింది. అప్పట్లో ఒక పేజీ పెట్టాలంటే హెచ్‌టీఎమ్‌ఎల్ అనే, వెబ్ పేజీలు రాసే కోడు రావాలి, సర్వర్‌లోకి ఫైళ్ళు ఎక్కించడం తెలియాలి. అదే ఏడు ఆగస్టులో వచ్చిన ‘బ్లాగర్’ అనే సైటు ఆ బాధ తీర్చింది. పెట్టెలో రాసి మీట నొక్కితే చాలు. 2003 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని కొనేసింది, మే నెలలో బ్లాగులు పెట్టుకునేందుకే ‘వర్డ్‌ప్రెస్’ అని ఇంకోటి వచ్చింది. 2004లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు ఆ ఏటి మాటగా ‘బ్లాగ్’ను ఎంచింది.

ఆ డిసెంబరు 26నే సునామీ మన నెల్లూరు, ప్రకాశం తీరాలను కూడా కొట్టింది. వెంటనే కొందరు ఉచిత బ్లాగు ఒకటి తెరిచి, ఎక్కడ ఏ సాయం కావాలో, ఎవరికి పంపాలో, ఎవరు కనపడటం లేదో రాయసాగారు. దాన్ని నడిపినవాళ్ళలో మన దేశం వాళ్ళూ ఉన్నారు. సొంత కబుర్లు రాసుకునే చోటు పదిమందికి పనికొచ్చే చోటు కూడా అయిందంటే, నా లెక్కలో అలాంటి రోజుల వల్లే.

తెలుగువాళ్ళకు ఇంకో అడ్డుండేది, అక్షరం. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో ఒకే రకం సంకేతాలిచ్చే పద్ధతిని యూనికోడ్ అంటారు. 1991 నుంచే అందులో తెలుగుకు చోటుంది. కానీ చాలామంది కంప్యూటర్లలోకి అది చేరింది 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే. అంతకుముందు ఒకరి ఫాంటు ఇంకొకరి దగ్గర లేకపోతే కనపడేది పిచ్చిగీతలే. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు చేసిచ్చే ‘లేఖిని’, బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే ‘కూడలి’ వచ్చాక మనవాళ్ళు జోరుగా రాశారు. బ్లాగులో రాసే ఒక్కో పోస్టును ‘టపా’ అన్నది వాళ్ళే. ఇప్పటికీ డీటీపీ షాపులో కొట్టించిన పాత ఫైలును తెచ్చి అతికిస్తే అక్షరాలు పాడవుతాయి. దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఇక పని. జీమెయిల్ ఖాతా ఉంటే బ్లాగర్‌లో పది నిమిషాల్లో బ్లాగు తయారు. అడ్రసు పొట్టిగా పెట్టండి. మీ పుట్టిన సంవత్సరం, బడి పేరు అందులో వద్దు. అమ్మానాన్నలకు చెప్పే మొదలుపెట్టండి.

చాలామంది పొరపాటు చేసేది లింకు దగ్గర. టపా పేరు తెలుగులో ఉంటే బ్లాగర్ దాన్ని లింకులోకి తీసుకోదు, ‘బ్లాగ్-పోస్ట్’ అని ఏదో ఒకటి పెట్టేస్తుంది. వర్డ్‌ప్రెస్ తీసుకుంటుంది గానీ, ఒక్కో తెలుగు సంకేతం లింకులో తొమ్మిది గుర్తులవుతుంది. ‘నెల్లూరు చేపల పులుసు’లో ఒత్తులు, గుణింతాలు కలిపి 18 సంకేతాలు, అంటే 162 గుర్తులు. వాట్సాప్‌లో పంపితే చూసినవాళ్ళు అదేదో వైరస్ అనుకుంటారు. అందుకని పబ్లిష్ నొక్కకముందే పర్మాలింక్‌లోకి, అంటే ఆ టపా లింకును మార్చుకునే చోటికి పోయి ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు మాటలు ఇవ్వండి. బ్లాగర్‌లో తర్వాత మారిస్తే, అప్పటికే పంచిన ఆ టపా పాత లింకు చచ్చిపోతుంది.

ఫోన్ ఫోటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. వెడల్పు 1200 పిక్సెళ్ళకు తగ్గిస్తే సాధారణంగా 200 కేబీ చుట్టుపక్కలకు దిగుతుంది, సిగ్నల్ సరిగా లేని పల్లెలో కూడా తెరుచుకుంటుంది. గూగుల్‌లో దొరికిన బొమ్మ ఎత్తుకోవద్దు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఆయన ఫోటో తీస్తే ముందు ఆయన్ని అడగండి.

ఏం రాయాలి? అందరూ రాసేదాన్ని మళ్ళీ రాస్తే ఎవరు చదువుతారు? పులుసు గురించే అనుకోండి. ‘తగినంత చింతపండు’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. కిలో కొరమీనుకు మీ ఇంట్లో వేసే చింతపండును తూకం వేసి గ్రాముల్లో రాయండి. మామిడికాయ ముక్కలు ముందే వేస్తే కరిగిపోతాయి కాబట్టి చివర్లో వేస్తారని రాయండి. చేప వేశాక గరిటె పెడితే ముక్క విరుగుతుంది, అందుకే గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పుతారు. పొద్దున వండి రాత్రికి తింటే ఎందుకు రుచో మీ నాయనమ్మను అడిగి రాయండి. మార్కాపురం పలకల రాయైనా, ఒంగోలు ఎద్దు మూపురమైనా ఇదే పద్ధతి. కొలత, కారణం, ఎక్కడ చెడుతుందో, మూడూ ఉండాలి.

టపాకు మూడు నాలుగు వందల మాటలు చాలు. ఫోన్‌లో చదువుతారు గనక పేరాకు నాలుగైదు వాక్యాలు. రాసింది ఆ రాత్రి డ్రాఫ్టులోనే ఉంచండి. పొద్దున గట్టిగా చదివితే నాలుక తడబడిన చోటల్లా వాక్యం సరిచేయాలి. వ్యాఖ్యలు మీరు చూశాకే కనపడేలా పెట్టుకోండి, లేదంటే అప్పుల ప్రకటనలతో నిండిపోతాయి. నెలకొకసారి సెట్టింగుల్లో బ్యాకప్ తీసి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఖాతా పాస్‌వర్డు పోతే మీ దగ్గర మిగిలేది అదొక్కటే.

మొదటి టపా రాయగానే లింకు పంపండి. పులుసు కొలతలు నేను కూడా సరిచూస్తాను.

ఆశీస్సులతో,
మీ తాత