వాలిన రెప్ప వెనక చూపు

పిల్లాడి పై రెప్ప ఒకటి బరువెక్కి, బయటి కొసవైపు జారితే ఇంట్లో మొదట వినిపించే మాట "కురుపేమోలే, అదే తగ్గుతుంది". కురుపైతే ఎర్రబడి, నొప్పెట్టి, వారం పది రోజుల్లో ఓ కొలిక్కి వస్తుంది. నొప్పి, ఎరుపు లేకుండా నెలల తరబడి రెప్ప లావెక్కుతూ, దాని అంచు ఇంగ్లీషు 'ఎస్' అక్షరాన్ని పడుకోబెట్టినట్టు వంకర తిరిగి, తాకితే సంచిలో వానపాముల్లా తగిలితే చొక్కా విప్పి ఒళ్లంతా చూడాలి. పాల కాఫీ రంగు మచ్చలు 6 లేదా అంతకన్నా ఎక్కువ, ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్లు దాటి ఉంటే (ఈడొచ్చిన పిల్లల్లో 15 దాటాలి), చంకల్లో గజ్జల్లో చిన్న చిన్న చుక్కలుంటే, అనుమానం న్యూరోఫైబ్రోమాటోసిస్ టైప్ 1 మీదికి పోతుంది. రెప్పలో పెరిగేది నరాల తొడుగు నుంచి పుట్టిన గడ్డ. దాని పేరు ప్లెక్సిఫార్మ్ న్యూరోఫైబ్రోమా.

17వ క్రోమోజోమ్ మీది ఒక జన్యువు న్యూరోఫైబ్రోమిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. కణాల పెరుగుదలకు అది బ్రేకు. జన్యువు చెడితే బ్రేకు సడలుతుంది. పుట్టిన సుమారు 3,000 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఇలాంటి బిడ్డను చూడగానే అడిగే ప్రశ్న "మేనరికమా?" అని. దీనికీ మేనరికానికీ సంబంధం లేదు. ఆ జన్యువుకున్న రెండు కాపీల్లో ఒక్కటి చెడితే చాలు, జబ్బు వస్తుంది. సగం మంది పిల్లల్లో ఆ మార్పు కొత్తగా పుట్టిందే, అమ్మానాన్నలిద్దరికీ ఉండదు. ఇద్దరిలో ఒకరికి ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం 50 శాతం. గ్రహణానికీ దీనికీ ముడిపెట్టి తల్లిని నిందించడం ఒట్టి అన్యాయం.

కంటిని పెద్దది చేసి చూపే స్లిట్ ల్యాంప్‌తో చూస్తే నల్లగుడ్డు మీద గోధుమరంగు బుడిపెలు కనిపిస్తాయి. వీటిని లిష్ నాడ్యూల్స్ అంటారు. జబ్బును పట్టివ్వడమే వాటి పని, చూపుకు ఏ హానీ చేయవు.

హాని ఎక్కువగా రెప్ప దగ్గర మొదలవుతుంది. "పెద్దయ్యాక ఆపరేషన్ చేయిద్దాం" అనే సలహా సగమే నిజం. ఆపరేషన్ ఆగొచ్చు, కన్ను ఆగదు. చూడడం మెదడు నేర్చుకునేది మొదటి ఏడెనిమిదేళ్లలోనే. రెప్ప కంటిపాపను మూసినా, గడ్డ బరువుకు గుడ్డు నొక్కుకుని చూపును మసకబార్చే సిలిండర్ పవర్ వచ్చినా, మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. అదే లేజీ ఐ. ఆ వయసు దాటాక రెప్పను ఎంత అందంగా ఎత్తినా పోయిన చూపు పూర్తిగా తిరిగి రావడం కష్టం. ఇంట్లో ఒక పరీక్ష చేయొచ్చు: బాగున్న కంటిని అరచేత్తో మూయండి. బిడ్డ చెయ్యి తోసేసి ఏడ్చి, రెండో కంటిని మూసినప్పుడు పట్టించుకోకపోతే ఆలస్యం చేయకూడదు. ఏడవలేదని మాత్రం నిశ్చింతగా ఉండకండి.

ఆసుపత్రిలో కంటిపాప పెద్దదయ్యే చుక్కలో ఆయింట్‌మెంటో వేసి పవర్ కొలుస్తారు. అట్రోపిన్ అనే అలాంటి మందు వాడితే ముఖం ఎర్రబడి నోరు ఎండవచ్చు, జ్వరం వస్తే ఆపి డాక్టర్‌కి చెప్పాలి. కళ్లద్దాలు రోజంతా ఉండాలి. ప్యాచ్, అంటే కంటిని మూసే అంటుపట్టీ, బాగున్న కంటికి వేస్తారు, చూపు తగ్గుదల ఓ మోస్తరుగా ఉంటే మామూలుగా రోజుకు 2 గంటలు, ఎక్కువైతే 6 గంటల దాకా. విశాఖ ఉక్కపోతలో అది చెమటకు ఊడిపోతుంది. ముఖం కడిగి, పూర్తిగా తుడిచి, పౌడరు లేకుండా చర్మానికే అంటించాలి. అద్దం మీద అంటిస్తే పిల్లలు పక్క సందులోంచి చూసేస్తారు.

"కళ్లు ఎంత పెద్దవో" అని మురిసిపోయే కన్ను కూడా ఒకటుంది. రెప్పలో గడ్డ ఉన్న వైపు గ్లాకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు, వచ్చే ప్రమాదం ఎక్కువ. పసికందు కంట్లో ఒత్తిడి పెరిగితే గుడ్డే సాగుతుంది. ఏడాదిలోపు బిడ్డకు నల్లగుడ్డు ముందున్న పారదర్శక పొర అడ్డంగా 12 మిల్లీమీటర్లు దాటినా, వెలుగు చూడలేకపోయినా, కన్ను ఊరికే నీరు కారినా ఒత్తిడి కొలిపించాలి. కన్ను గుండెచప్పుడుతో కలిసి కొట్టుకుంటుంటే కంటిగూటి వెనక ఎముక లోపించి, మెదడు స్పందన గుడ్డుకు అందుతోందని అనుమానించాలి. అక్కడ సీటీ స్కాన్ కావాలి.

ఆపరేషన్‌లో గడ్డ మొత్తం రాదు. మామూలు కణజాలంలో వేళ్లలా అల్లుకుపోయి ఉంటుంది, రక్తనాళాలు ఎక్కువ కాబట్టి బాగా రక్తం పోతుంది. అందుకే కొంత తగ్గించి రెప్ప ఎత్తుతారు. మళ్లీ పెరగొచ్చు, మళ్లీ కోయాల్సి రావచ్చు. కోయడానికి వీల్లేని గడ్డలకు సెలుమెటినిబ్ అనే మందును అమెరికాలో 2020 ఏప్రిల్‌లో 2 ఏళ్లు నిండిన పిల్లలకు అనుమతించారు. ఆ మందు పరీక్షలో పాల్గొన్న 50 మంది పిల్లల్లో సుమారు మూడింట రెండు వంతుల మందికి గడ్డ కనీసం 20 శాతం తగ్గింది. మాయం కాలేదు, తగ్గింది. వాడినన్నాళ్లూ గుండెకు ఎకో స్కాన్, కంటి వెనక పొరకు (రెటీనా) పరీక్ష తప్పవు. ఒంటిమీద దద్దుర్లు, గోరుచుట్టు, విరేచనాలు మామూలే.

రెప్ప బాగానే ఉన్నా ఈ జబ్బున్న ప్రతి బిడ్డకూ ఎనిమిదేళ్లదాకా ఏటా కంటి పరీక్ష జరగాలి. 15 నుంచి 20 శాతం మందికి చూపు నరం దారిలో గ్లయోమా అనే గడ్డ వస్తుంది, ఎక్కువగా ఏడేళ్లలోపే. చాలావాటికి చికిత్స అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. చూపు తగ్గుతుంటే కీమోథెరపీ ఇస్తారు. ఈ పిల్లల్లో రేడియేషన్ కొత్త కణితులకు దారితీస్తుంది కనుక దాని జోలికి పోరు. తోటివారికన్నా ముందే ఈడు రావడం, ఉన్నట్టుండి పొడవు పెరగడం కూడా ఈ గడ్డ గుర్తులే కావచ్చు.

పాడేరు నుంచో పలాస నుంచో విశాఖలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రికో, కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి), హనుమంతవాక ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికో బయల్దేరేటప్పుడు పాత కళ్లద్దాల చీటీతోపాటు బిడ్డ పుట్టినప్పటి నుంచీ ముఖం నేరుగా కనిపించే ఫోటోలు తీసుకెళ్లండి. రెప్ప ఎప్పుడు జారడం మొదలైందో మీ జ్ఞాపకం కన్నా అవి సరిగ్గా చెబుతాయి.