సిగ్నల్ లేదని బిల్లు ఆపేస్తే పోయేది మీ నంబరే

బెంగళూరు మారతహళ్లిలో మాది చిన్న మొబైల్ షాపు. అంతకుముందు ఒక కంపెనీ పోస్ట్‌పెయిడ్ స్టోర్‌లో తొమ్మిదేళ్లు కౌంటర్‌లో కూర్చున్నాను. మా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. అనంతపురం, కడప, మదనపల్లె, నెల్లూరు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు, వాళ్ల వెంట వచ్చిన అమ్మానాన్నలు. ఈ మధ్య వారానికి ఇద్దరైనా వచ్చి ఒకటే మాట అంటున్నారు. "అన్నా, మా ఫ్లాట్‌లో సిగ్నలే రాదు. రాని సిగ్నల్‌కు బిల్లెందుకు కట్టాల? ఆపేసినా. వాళ్లే కట్ చేసుకుంటారులే."

ఈ ఒక్క అపోహ వల్ల జనం నష్టపోయినంతగా మరి దేనివల్లా నష్టపోవడం నేను చూడలేదు. అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

బిల్లు ఆపితే కనెక్షన్ దానంతటదే మర్యాదగా ముగిసిపోదు. ముందు అవుట్‌గోయింగ్ ఆగుతుంది, తరవాత ఇన్‌కమింగ్, ఆ తరవాత నంబరే రద్దవుతుంది. సిగ్నల్ బాగా లేదని మీరు ఫిర్యాదు ఇవ్వకపోతే ఆ మాట రికార్డులో ఎక్కడా ఉండదు. రికార్డులో ఉండేది ఒకటే: ఫలానా ఆయన ఇంత బాకీ. డ్యూ డేట్ దాటిన బాకీ ఉంటే పోర్టింగ్‌ను, అంటే నంబరు మారకుండా కంపెనీ మారడాన్ని, నిరాకరించవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లోనే ఉంది. అంటే నంబరు పోకుండా బయటపడటానికి ఉన్న ఒక్క తలుపుకీ మీ చేత్తో మీరే గడియ పెట్టుకుంటున్నారు. రద్దయిన నంబరు ఎప్పటికీ ఖాళీగా ఉండదు. 90 రోజులు దాటాక దాన్ని ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. మీ బ్యాంకుకు, ఆధార్‌కు, పీఎఫ్‌కు ఇచ్చిన నంబరు అదే అయితే ఆ ఓటీపీలు ఎవరి చేతికి వెళ్తాయో ఒక్క క్షణం ఆలోచించండి.

రెండేళ్ల క్రితం ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు, రాయచోటి వైపు ఆయన. బెళ్లందూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఫ్లాట్ మూడో అంతస్తులో, చుట్టూ ఇంకా పెద్ద బిల్డింగులు, ఇంట్లో ఒక్క పాయింటూ రాదు. ఆఫీసులో ఎవరో చెప్పారని కొడుకు బిల్లు కట్టడం మానేశాడు. ఆరు నెలల తరవాత పెన్షన్ ఖాతాలో ఏదో మార్చుకోబోతే ఓటీపీ రాలేదు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే హిందీలో ఎవరో పలికారట. "నాయనా, పదహారేళ్ల నంబరు. నా దగ్గర చదువుకున్న పిల్లలందరి దగ్గరా అదే ఉంది" అన్నారాయన. బ్యాంకు పని ఊళ్లోని బ్రాంచికి రెండుసార్లు తిరిగి సరిచేసుకున్నారు. నంబరు మాత్రం తిరిగి రాలేదు. నేను చేయగలిగింది కొత్త సిమ్ ఇవ్వడమే. ఆయన ఆ కొత్త నంబరును కాగితం మీద రాసుకుని, రెండుసార్లు చదువుకుని వెళ్లారు.

రాని సేవకు డబ్బు కట్టమంటే ఎవరికైనా కడుపు మండుతుంది, నాకు తెలుసు. అయినా కట్టండి. కట్టి, నంబరుతో బయటికి రండి, ఆ తరవాత కొట్లాడండి. బిల్లు కట్టినంత మాత్రాన ఫిర్యాదు చేసే హక్కు పోదు. ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదుకు ఇచ్చే నంబరు, రాసుకోండి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. టెలికాం గొడవలు అక్కడ చెల్లవని 2009 తీర్పు చూపించి చాలాకాలం వెనక్కి పంపేవాళ్లు. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, చెల్లుతాయని స్పష్టంగా చెప్పింది. కేసు మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి కోర్టు ఫీజు కూడా లేదు. "ట్రాయ్‌కి రాస్తే వాళ్లే చూసుకుంటారు" అనేది మాత్రం నమ్మకండి. ట్రాయ్ నిబంధనలు పెడుతుంది, ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు.

బయటికి రావడం ఎలా? పోర్ట్ అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి ఎస్సెమ్మెస్ పంపాలి. ఇంట్లో సిగ్నల్ లేకపోతే రోడ్డు మీదికి వచ్చి పంపండి. ఎనిమిది అక్షరాల యూపీసీ కోడ్ వస్తుంది. కొత్త కంపెనీ దగ్గర ఇవ్వాల్సింది అదే. కర్ణాటకలో దానికి 4 రోజుల గడువు. 2019 డిసెంబరు 16 నుంచి పద్ధతి మారింది. బాకీ ఉందా, ఈ నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండాయా లాంటివి ముందే చూశాకే కోడ్ ఇస్తారు. కాబట్టి కోడ్ చేతికొచ్చిందంటే చాలావరకు గండం గడిచినట్టే. ఒక్కటి మరిచిపోవద్దు. పోర్ట్ అయ్యాక పాత కంపెనీ నుంచి ఆఖరి బిల్లు వస్తుంది. కొత్త సిమ్ పనిచేస్తోంది కదా అని దాన్ని పక్కన పడేస్తే, పాత కంపెనీ కోరిన మీదట కొత్త కంపెనీ మీ నంబరును ఆపేయాల్సి వస్తుంది. ఆ బిల్లు కట్టి రసీదు దాచుకోండి.

"అగ్రిమెంట్ మీద సంతకం పెట్టినా, రెండేళ్ల దాకా కదలలేనేమో" అని భయపడేవాళ్లు ఇంకొందరు. ఈ భయం చాలావరకు డల్లాస్ నుంచి వస్తుంది. అక్కడున్న అక్కో బావో ఫోన్‌లో తమ కథ చెబుతారు. ఆ కథ అబద్ధం కాదు. అమెరికాలో కంపెనీ ఫోనునే వాయిదాల మీద ఇస్తుంది, మధ్యలో వదిలేస్తే మిగిలిన సొమ్మంతా కట్టాలి. ఒకప్పుడు రెండేళ్ల కాంట్రాక్టు మధ్యలో తెంచుకుంటే విడిగా జరిమానా కూడా ఉండేది. మన దగ్గర మామూలు పోస్ట్‌పెయిడ్ నెలనెలా నడిచేదే. మీ ఒప్పందంలో మధ్యలో వదిలేయడానికి షరతు రాసి ఉండి, దాన్ని మీరు తీర్చకపోతేనే ఆ కారణంతో పోర్టింగ్ ఆపగలరు. అలాంటి షరతు ఉందా అని కౌంటర్‌లో అడిగి, ఉందంటే కాగితం చూపించమనండి. ఫోన్ మీద ఉన్న ఈఎంఐ బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో కట్టేది. దానికీ సిమ్‌కీ సంబంధం లేదు. ఆఫీసు ఇచ్చిన కార్పొరేట్ నంబరైతే ఆఫీసు నుంచి లెటర్ కావాలి. ఆంధ్రా నంబరును ఇక్కడి నెట్‌వర్క్‌కు మార్చుకోలేమా అని ఇప్పటికీ అడుగుతుంటారు. 2015 జులై 3 నుంచి దేశంలో ఎక్కడికైనా మార్చుకోవచ్చు. ఇదే సర్కిల్‌లో, అంటే టెలికాం లెక్కల్లో ఇదే ప్రాంతంలో అయితే 3 పనిదినాలు పడుతుంది, వేరే సర్కిల్ నుంచైతే 5.

సిమ్ మారిస్తే సిగ్నల్ పెరుగుతుందని కొత్త సిమ్ తీసుకోకండి. సిమ్ పాడైతే తప్ప దాంతో ఒరిగేదేమీ లేదు. పైగా 2024 జులై 1 నుంచి సిమ్ మార్చిన 7 రోజుల దాకా యూపీసీ కోడ్ రాదు. కాల్ కట్ అయితే రూపాయి ఇస్తారనేది పాత సంగతి, సుప్రీంకోర్టు 2016 మేలో ఆ నిబంధన కొట్టేసింది. సిగ్నల్ పెంచే బూస్టర్ పరికరం కొనాలనుకుంటే ఆగండి. లైసెన్స్ ఉన్న టెలికాం కంపెనీలు తప్ప ఇంకెవరూ దాన్ని పెట్టుకోవడం చట్టవిరుద్ధం. మీ బూస్టర్ వల్ల పక్కవాళ్ల సిగ్నల్ కూడా పాడవుతుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసి చూడండి. కొందరికి పోర్టింగ్ అవసరమే లేకుండా పోయింది.

ఇక "మా ఫ్రెండ్‌కు ఆ నెట్‌వర్క్ బ్రహ్మాండంగా వస్తుంది" అనే మాట. ఫ్రెండ్ ఉండేది వైట్‌ఫీల్డ్‌లో, మీరు ఉండేది ఇంకెక్కడో. ఒకే అపార్ట్‌మెంట్‌లో రోడ్డు వైపు ఫ్లాట్‌కు నాలుగు పాయింట్లు వస్తే వెనక ఫ్లాట్‌కు సున్నా. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కాంక్రీటు గోడలు దాటే బలం తగ్గుతుంది. 900 మెగాహెర్ట్‌జ్ లోపలి గది దాకా వస్తే 2300 గుమ్మం దగ్గరే నీరసిస్తుంది.

నేను ఈ ఊరొచ్చిన కొత్తలో మున్నేకొళాలలో గ్రౌండ్ ఫ్లోర్ గదిలో ఉండేవాణ్ణి. గేటు బయటికొస్తేనే సిగ్నల్. ఒక రాత్రి నాన్నకు గుండెనొప్పి వచ్చింది. అమ్మ పదకొండుసార్లు చేసిందట. పొద్దున పాల కోసం బయటికి వచ్చినప్పుడు ఆ మిస్డ్ కాల్ మెసేజ్‌లన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. నాన్న దక్కారు. కానీ ఆ రాత్రంతా అనంతపురం ఆసుపత్రి వరండాలో అమ్మ ఒక్కతే కూర్చుంది.

అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా పోర్ట్ చేసేముందు మారాలనుకున్న నెట్‌వర్క్ ప్రీపెయిడ్ సిమ్ ఒకటి, అన్నిటికన్నా చిన్న రీచార్జ్‌తో తీసుకుని రెండు రోజులు ఇంట్లో వాడమంటాను. వంటింట్లో, లోపలి గదిలో, ముఖ్యంగా రాత్రి ఫోన్ పెట్టుకునే మంచం పక్కన. అక్కడ మోగితేనే నా దగ్గరికి రండి.