మెడ దగ్గర మొదలయ్యే ఊపిరి

స్వరపేటికను పూర్తిగా తీసేసిన మనిషి ముక్కు కింద చిన్న అద్దం పెట్టి చూడండి. ఆవిరి పట్టదు. అదే అద్దాన్ని మెడ కింది భాగంలో ఉన్న రంధ్రం ముందు పెడితే వెంటనే మసకబారుతుంది. ఆ రంధ్రమే స్టోమా. ఆపరేషన్‌లో శ్వాసనాళం పై కొసను ముందుకు తెచ్చి మెడ చర్మానికి కుట్టేస్తారు. ఇక ముక్కుకీ ఊపిరితిత్తులకీ దారి తెగిపోయినట్టే.

క్యాన్సర్ రోగికి ఈ ఆపరేషన్ మొదటిసారి చేసింది సర్జన్ థియోడోర్ బిల్‌రోత్, 1873 డిసెంబర్ 31న, వియన్నాలో. అప్పట్నుంచీ అందరి దిగులూ పోయిన గొంతు గురించే. మాట పోవడం చిన్న దెబ్బ కాదు. కానీ కత్తి తగలని ఊపిరితిత్తులు కూడా ఆ రోజు నుంచే కొత్త కష్టంలో పడతాయి. దాని గురించి రోగికి ముందే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ముక్కు చేసే పని ఎంతో ఒకసారి చూడండి. బయటి గాలి 22 డిగ్రీల వేడి, 40 శాతం తేమతో ఉందనుకుందాం. ముక్కు గుండా వెళ్తే శ్వాసనాళం చేరేసరికి అది సుమారు 32 డిగ్రీలకు వేడెక్కి, పూర్తిగా చెమ్మగిల్లుతుంది. స్టోమా గుండా వెళ్తే అదే చోట 27, 28 డిగ్రీలే, తేమ 50 శాతం దగ్గరే. మిగతా వేడి, తడి శ్వాసనాళం తన గోడల్లోంచే ఇచ్చుకోవాలి. దాంతో గోడలు ఎండుతాయి, కళ్ళె చిక్కబడుతుంది, దాన్ని పైకి నెట్టే సన్నని నూగులాంటి సిలియా మందగిస్తాయి. పొద్దున లేవగానే స్టోమా అంచున గట్టిపడిన పెచ్చులు, రోజంతా దగ్గు, దగ్గుతో చెడిన నిద్ర. మొదటి కొన్ని నెలలూ ఇది మరీ ఎక్కువ.

ఆ దగ్గు కూడా మునుపటిది కాదు. మామూలుగా దగ్గే ముందు స్వరతంత్రులు మూసుకుని గాలిని లోపల బిగబడతాయి, ఒక్కసారిగా తెరుచుకుంటే కఫం ఊడివస్తుంది. ఆ తలుపే లేనప్పుడు దగ్గులో బలం తగ్గుతుంది. బరువులెత్తడానికి ఊపిరి బిగబట్టడమూ కష్టమే.

ఊపిరితిత్తుల బలాన్ని ఊదించి కొలిచే పరీక్ష, స్పైరోమెట్రీ దగ్గర చాలా జాగ్రత్త కావాలి. నోట్లో గొట్టం పెట్టి ఊదమంటే వీళ్ళు ఊదలేరు, స్టోమా చుట్టూ గాలి పోకుండా అతికే సాధనం కావాలి. అంచున కొంచెం సందు ఉన్నా అంకె తగ్గిపోతుంది. పైగా పోల్చే పట్టికలన్నీ నోటితో ఊదినవాళ్ళవి. చాలామంది ఏళ్ళ తరబడి పొగ తాగినవాళ్ళు కాబట్టి పాత సీఓపీడీ (గాలిదారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉండొచ్చు, స్టోమా ఇరుకైనా గాలికి అడ్డే. ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షతో పోల్చుదామంటే, అప్పుడు స్వరపేటికలోని గడ్డే గాలిని అడ్డుకుని ఉండొచ్చు. ఒక్క రిపోర్ట్ చూసి ఊపిరితిత్తులు పాడయ్యాయని తేల్చేయడం సరికాదు.

ఉపశమనం మాత్రం ఉంది. స్టోమా మీద అమర్చే చిన్న క్యాసెట్, పేరు హెచ్‌ఎంఈ (హీట్ అండ్ మాయిశ్చర్ ఎక్స్ఛేంజర్). లోపల ఉప్పు పట్టించిన స్పాంజి ఉంటుంది. వదిలే ఊపిరిలోని తడిని, వేడిని అది పట్టి ఉంచి, పీల్చేటప్పుడు తిరిగి ఇస్తుంది. ముక్కుతో సమానం కాదు గానీ, రాత్రీ పగలూ వాడితే వారాల్లోనే దగ్గు, కఫం తగ్గుతాయి. కడిగితే ఉప్పు పోతుంది, కాబట్టి రోజుకొకటైనా కొత్తది మార్చాలి. మాట కోసం వాయిస్ ప్రోస్థసిస్ (శ్వాసనాళానికీ అన్నవాహికకీ మధ్య గోడలో అమర్చే చిన్న కవాటం) పెట్టించుకున్నవాళ్ళకు ఇది రెండింతలు ముఖ్యం. స్టోమాను వేలితో మూసినప్పుడు ఊపిరితిత్తుల గాలే అన్నవాహికలోకి మళ్ళి మాట అవుతుంది. ఒక వాక్యం మధ్యలో తెగకుండా పూర్తవ్వాలంటే ఆ గాలి సరిపోవాలి.

ఇలాంటి వ్యక్తి స్పృహ తప్పి పడితే ముక్కుకి ఆక్సిజన్ మాస్క్ పెట్టి లాభం లేదు. గాలి ఊదాలన్నా, ఆక్సిజన్ ఇవ్వాలన్నా మెడ దగ్గరే. ముందుగా మెడ మీది గుడ్డ తొలగించి స్టోమా ఎక్కడుందో చూడండి.